బుల్లి కార్ల తిరునాళ్ళు



ముందుగా ఒక కారు సంగతి చెబుతాను. దాని పొడవు 137 సెంటీమీటర్లు, వెడల్పు 99 సెంటీమీటర్లు, బరువు 59 కిలోలు. మూడు చక్రాలు, ఒక తలుపు, ఒక సీటు, ముందు ఒక్కటే దీపం. ఇంజిను 49 సీసీ. మన రోడ్ల మీద ఒకప్పుడు తిరిగిన లూనా మోపెడ్‌కు దాదాపు అంతే ఉండేది. రివర్స్ గేరు లేదు. వెనక్కి తిరగాలంటే నడిపే మనిషి కిందికి దిగాలి. బండి వెనక బిగించిన పిడి పట్టుకుని, వెనక చక్రాన్ని నేల మీది నుంచి లేపి, కావలసిన వైపు తిప్పుకోవాలి. మళ్ళీ ఎక్కి కూర్చుని పోవాలి.

దీని పేరు పీల్ పి50. ఇంగ్లండుకూ ఐర్లండుకూ మధ్య సముద్రంలో ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ అనే దీవిలో, పీల్ అనే రేవుపట్నంలో 1962 నుంచి 1965 దాకా తయారైంది. ధర 199 పౌండ్లు. ఒక పెద్ద మనిషి, ఒక సరుకుల సంచీ పడతాయని కంపెనీ ప్రకటించుకుంది. మొత్తం 50 దాకా చేశారంతే. ప్రపంచంలో తయారై అమ్ముడైన కార్లన్నిటిలో ఇదే చిన్నదని 2010లో గిన్నిస్ పుస్తకానికెక్కింది.

ఇలాంటి బుల్లి కార్లను ప్రాణంగా చూసుకునే వాళ్ళు ఏటా ఒకసారి ఒకచోట చేరతారు. ఇంగ్లండులో, జర్మనీలో, అమెరికాలో ఈ అలవాటు ఉంది. ఎక్కడో పల్లెటూళ్ళో ఒక సేకర్త తన పొలంలోని పెద్ద షెడ్డు తలుపులు ఆ రోజు అందరికీ తెరుస్తాడు. లేదా ఒక చిన్న మ్యూజియం తన బండ్లన్నిటినీ బయటి పచ్చికలోకి తెస్తుంది. లింకన్‌షైర్‌లో బోస్టన్ పట్నానికి దగ్గర లాంగ్రిక్ అనే ఊళ్ళో బబుల్ కార్ మ్యూజియమే ఉంది. అలాంటి చోట్లకు చుట్టుపక్కల నుంచి, దూరాల నుంచి బుల్లి కార్లు వస్తాయి. కొన్ని ట్రైలర్ల మీద వస్తాయి, చాలా మటుకు తమంతట తామే నడిచి వస్తాయి. వాటిని ఓపెన్ డే అంటారు. నాకు మాత్రం మన తిరునాళ్ళే గుర్తుకొస్తాయి. ఏడాదంతా ఎవరి ఊళ్ళో వాళ్ళుండే మనుషులు ఆ ఒక్క రోజు కలుస్తారు, ఎవరి బండికి ఏమైందో అడుగుతారు, చేతిలో ఉన్నది ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటారు.

మీరు రేడియో వింటున్నారు కనుక ముందు చప్పుడు గురించి చెప్పాలి. అలాంటి మైదానంలో మన చెవులకు కొత్తగా అనిపించేది చాలా తక్కువ. అక్కడి ఇంజిన్లలో చాలా వాటికి పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి. మన పాత బజాజ్ చేతక్ లాగా, లాంబ్రెట్టా లాగా, రాజ్‌దూత్ లాగా. ఆ డబడబ చప్పుడు, వెనక గొట్టంలోంచి వచ్చే నీలి పొగ, ఆ కాలిన నూనె వాసన హైదరాబాదు, విజయవాడ వీధుల్లో పెరిగిన వాళ్ళెవరికైనా ఇట్టే తెలుస్తాయి. ఇదేమీ కాకతాళీయం కాదు. ఆ కార్లు నిజానికి మోటారుసైకిళ్ళ, స్కూటర్ల వంశంలో పుట్టినవే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన నాటి ఐరోపాను ఒకసారి తలచుకోండి. జర్మనీ శిథిలాల్లో ఉంది. ఇటలీ చితికిపోయింది. గెలిచిన బ్రిటనులో కూడా అన్నీ రేషను మీదే. పనికి వెళ్ళాలి, ఇంటికి రావాలి. కొనగలిగింది మోటారుసైకిలు. కానీ అక్కడి వానలు, మంచు మనకు తెలియనివి. భార్యనూ బిడ్డనూ ఎక్కించుకుని డిసెంబరు చలిలో మోటారుసైకిలు మీద పదిహేను మైళ్ళు పోవడం అంటే ఏమిటో ఆ తరం వాళ్ళకే తెలుసు. వాళ్ళు అడిగింది వేగం కాదు, దర్జా కాదు. నెత్తి మీద ఒక కప్పు కావాలన్నారు. ఆ కప్పు కోసం పుట్టినవే ఈ బండ్లు.

ఇటలీలో ఈసో అనే కంపెనీ మిలాన్ దగ్గర ఫ్రిజ్‌లు, స్కూటర్లు చేసేది. దాని యజమాని రెంజో రివోల్టా. ఫ్రిజ్‌లు చేసే వాడు కార్లు చేయడమేమిటని అనుకోకండి. మన హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌లు చేసింది, బస్సుల బాడీలు కట్టింది, పుష్పక్ స్కూటరు చేసింది, చేతి గడియారాలూ చేసింది. ఆ రోజుల్లో కర్మాగారమంటే అలా ఉండేది. రివోల్టా కోసం ఎర్మెనెజిల్డో ప్రెతి అనే ఇంజనీరు గుడ్డు ఆకారంలో ఒక కారు రూపొందించాడు. 1953లో బయటికొచ్చింది. పేరు ఇసెట్టా. దానికి పక్క తలుపులు లేవు. ముఖమే తలుపు. కారు ముందు భాగమంతా ఒక్కటిగా తెరుచుకుంటుంది, దానితో పాటే స్టీరింగు కూడా పక్కకు జరుగుతుంది. మనిషి నిలబడి నేరుగా లోపలికి అడుగు పెట్టి, వెనక్కి తిరిగి, బెంచీ సీటు మీద కూర్చుంటాడు. 1954లో ఇటలీ రోడ్ల మీద వెయ్యి మైళ్ళ మీల్లె మీల్యా పందెంలో కూడా ఇసెట్టాలు పరుగెత్తాయి. పొదుపు విభాగంలో మొదటి మూడు స్థానాలూ వాటివే.

ఆ కారును జర్మనీలో బీఎండబ్ల్యూ లైసెన్సు తీసుకుని 1955 నుంచి తన మోటారుసైకిలు ఇంజినుతో చేసింది. ఇవాళ బీఎండబ్ల్యూ అనగానే కోట్లు గుర్తుకొస్తాయి. ఆనాడు అది పెద్ద పెద్ద ఖరీదైన కార్లు చేసి నష్టాల్లో మునిగి ఉన్న కంపెనీ. 1959 డిసెంబరులో డైమ్లర్-బెంజ్ దాన్ని మింగేసే దాకా వెళ్ళింది, వాటాదారులు అడ్డుకున్నారు. ఆ గడ్డు సంవత్సరాల్లో రోజువారీ చేతిలోకి డబ్బు తెచ్చింది ఈ గుడ్డు కారే. 1962లో ఆపేసేనాటికి 1,61,728 ఇసెట్టాలు బీఎండబ్ల్యూ పేరుతో రోడ్డెక్కాయి. బీఎండబ్ల్యూ చరిత్ర రాసేటప్పుడు ఇసెట్టాను ఒక ముచ్చటైన బొమ్మలాగా ఓ మూల పెడతారు. నాకది న్యాయంగా అనిపించదు. ఆ గడ్డు కాలంలో కంపెనీ ఊపిరి నిలిపిన బండ్లలో అది ముందు వరసలోది.

బ్రిటనులో ఇసెట్టా కథ మరీ విచిత్రంగా ఉంటుంది. బ్రైటన్‌లో పాత రైలింజన్ల కర్మాగారంలో 1957 నుంచి చేశారు. ఆ కర్మాగారానికి సరైన రోడ్డే లేదు. విడిభాగాలు రైల్లో వచ్చేవి, తయారైన కార్లూ రైల్లోనే పోయేవి. అక్కడ స్టీరింగు కుడివైపు ఉండాలి. ఇంజినూ కుడివైపే ఉంది. డ్రైవరు, ఇంజిను ఒకే వైపు అయ్యేసరికి బండి ఒరుగుతుందని ఎడమవైపు బరువు పెట్టి సరిచేశారు. ఇంకొక చిక్కు ఉంది. అప్పట్లో మూడు చక్రాల బండికి రివర్స్ గేరు లేకపోతే మోటారుసైకిలు లైసెన్సుతోనే నడపనిచ్చేవారు, పన్నూ తక్కువ ఉండేది. అందుకని వెనక చక్రాలు రెండిటిని ఒకటి చేశారు, ఉన్న రివర్స్ గేరును మూసేశారు. ముఖమే తలుపైన కారును గోడ దాకా తోలుకెళ్ళి ఆపితే ఏమవుతుంది? తలుపు తెరుచుకోదు, బండి వెనక్కి రాదు. అలాంటప్పుడు బయటపడటానికి పైన గుడ్డ కప్పు ఉంది. ఓపెన్ డేల్లో ఇసెట్టా యజమాని దగ్గర నిలబడితే ఆ కప్పును తెరిచి చూపించకుండా ఊరుకోడు.

ఇసెట్టా పక్కన పొడుగ్గా, సన్నగా, పైన గాజులాంటి గుమ్మటంతో నిలబడి ఉండేది మెసెర్‌ష్మిట్. పేరు వినగానే యుద్ధ విమానాలు గుర్తుకొస్తాయి. ఆ విమానాలు చేసిన కంపెనీయే ఇది. ఓడిపోయిన జర్మనీ విమానాలు చేయరాదని ఆంక్ష పెట్టారు కనుక రీగెన్స్‌బర్గ్ కర్మాగారం పని లేక ఉంది. ఫ్రిట్జ్ ఫెండ్ అనే ఇంజనీరు ఆ తలుపు తట్టాడు. మిగిలిపోయిన యుద్ధ విమానాల గుమ్మటాలతో ఈ కార్లు చేశారని ఒక కథ జనంలో తిరుగుతుంది. అది నిజం కాదు. ఆ గుమ్మటాలు ఈ కారు కోసమే చేసినవి. కానీ అసలు నిజం ఆ కథ కన్నా బరువైనది. ఫెండ్ మొదట చేసింది కారు కాదు. యుద్ధంలో కాళ్ళు పోగొట్టుకున్న సైనికులు తమంతట తాము నడుపుకునే మూడు చక్రాల బండి. అలాంటి బండి మాకూ కావాలని కాళ్ళున్న వాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టాకే అది కారుగా ఎదిగింది. 1953లో మొదటి నమూనా వచ్చింది. 1955లో వచ్చిన కేఆర్200 1964 దాకా నడిచింది. ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. ఇంజిను 191 సీసీ. వెనక్కి పోవాలంటే ఇంజినునే ఆపి తిరగేసి స్టార్టు చేయాలి. అప్పుడు ముందుకున్న నాలుగు గేర్లూ వెనక్కీ పనిచేస్తాయి. 1955 ఆగస్టులో దీనిలో పందెం రకాన్ని హాకెన్‌హైమ్ ట్రాక్ మీద 24 గంటలు ఆపకుండా పరుగెత్తించారు. సగటున గంటకు 103 కిలోమీటర్లు!

ఇవన్నీ చూసి పిల్లలు కేరింతలు కొడతారు, పెద్దలు ఫోన్లు తీస్తారు. అది సహజమే, చూడ ముచ్చటైన బండ్లు మరి. కానీ ఆ వరసలో ఒక్కోసారి లేత నీలం రంగులో, ఏ సొగసూ లేకుండా ఒక ఫైబర్‌గ్లాస్ బండి ఉంటుంది. దాని దగ్గర జనం తక్కువ. నన్నడిగితే ముందు అక్కడికే వెళ్ళాలి.

అది ఇన్వాకార్. యుద్ధం అయిపోయిన కొత్తల్లో ఎసెక్స్‌లో బర్ట్ గ్రీవ్స్ అనే ఇంజనీరు, పక్షవాతం ఉన్న తన బంధువు డెర్రీ ప్రెస్టన్-కాబ్ కోసం ఒక మోటారు బండి చేశాడు. ఇద్దరూ కలిసి కంపెనీ పెట్టారు. దివ్యాంగులకు ఇలాంటి బండ్లు ఇవ్వడం బ్రిటిష్ ప్రభుత్వం తన బాధ్యతగా తీసుకుంది. గాయపడిన సైనికులకే కాదు, పోలియో వచ్చిన వాళ్ళకూ ఇచ్చింది. వేల మంది జీవితంలో మొదటిసారి ఎవరి సాయమూ లేకుండా ఇంట్లోంచి బయటికి వెళ్ళింది ఆ నీలి బండిలోనే. ఉద్యోగానికి వెళ్ళారు, సినిమాకు వెళ్ళారు, సముద్రాన్ని చూశారు.

కానీ దానికి ఒక్కటే సీటు. తల్లి తన బిడ్డను ఎక్కించుకోలేదు. భర్త భార్యను తీసుకెళ్ళలేడు. పక్కన ఎవరూ లేకుండా, దారిలో బండి ఆగిపోతే దిగలేని మనిషి ఒంటరిగా కూర్చోవాలి. గట్టి గాలి వీస్తే బండి ఊగేది, మంటలంటుకున్న సందర్భాలూ ఉన్నాయి. వాడే వాళ్ళే ఉద్యమం చేశారు: మాకూ అందరిలాంటి కారు ఇవ్వండని. 1970ల నడిమి నుంచి ప్రభుత్వం దారి మార్చింది. బండి బదులు రాకపోకలకు భత్యం ఇవ్వసాగింది. 1977లో మోటబిలిటీ అనే పథకంతో మామూలు కార్లు అందుబాటులోకి వచ్చాయి. మిగిలిన నీలి బండ్లను 2003 మార్చి 31తో రోడ్ల మీద నిషేధించారు. ప్రభుత్వ ఆస్తి కనుక వెనక్కి తీసుకుని తుక్కు చేసేశారు.

ఆ తుక్కులోంచి కొన్నిటిని ఎవరో దక్కించుకున్నారు. ఎవరు? బుల్లి కార్ల పిచ్చి ఉన్నవాళ్ళే. అందంగా ఉండదు, అమ్మితే డబ్బు రాదు, ఎవరూ గొప్పగా చెప్పుకోని బండి. అయినా దాచారు. ఇవాళ ఓపెన్ డేలో ఆ బండి పక్కన ఎవరైనా ముసలావిడ ఆగి, మా నాన్నకు ఇలాంటిది ఉండేదని చెప్పగలిగితే, అది వాళ్ళ పుణ్యమే. ఈ ఓపెన్ డేల మీద నాకున్న గౌరవమంతా ఇక్కడ ఉంది. రాజుల కార్లు ఎలాగూ మిగులుతాయి. మన చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల పసుపు రంగు రోల్స్‌రాయిస్ ఇవాళ్టికీ తళతళలాడుతూ నిలబడి ఉంది, ఉండాలి కూడా. కానీ ఆఫీసు గుమాస్తా కారు, మిల్లు కూలీ కారు, కాళ్ళు లేని మనిషి కారు? వాటిని నడిపి నడిపి అరగదీస్తారు, అరిగాక తుక్కుకు వేస్తారు. ఎవరో ఒకరు మొండిగా పట్టుబట్టి దాచితే తప్ప ఆ జీవితాల ఆనవాలు మిగలదు.

దాచడమంటే అద్దాల బీరువాలో పెట్టడం కాదని కూడా ఈ మనుషులకు తెలుసు. అమెరికాలో నాష్‌విల్‌లోని లేన్ మోటార్ మ్యూజియం బుల్లి కార్లకు పేరు పొందింది. అక్కడి బండ్లలో ఎక్కువ శాతాన్ని నడిచే స్థితిలోనే ఉంచుతారు. బండి నడవకుండా పడి ఉంటే రబ్బరు ఎండి పగులుతుంది, కార్బురేటర్‌లో పెట్రోలు జిగురవుతుంది, బ్రేకులు పట్టేస్తాయి. అది ఏ మెకానిక్‌నడిగినా చెబుతాడు. అంతకన్నా పెద్ద నష్టం, దాన్ని స్టార్టు చేయడం వచ్చిన మనుషులు పోతారు. అందుకే ఓపెన్ డేలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు కార్ల వరస కాదు, దాని వెనక వేసిన మడత బల్లలు. వాటి మీద పాత స్పేర్ పార్టులు, తుప్పు పట్టిన సైలెన్సర్లు, మాన్యువళ్ళు, కేబుళ్ళు, కొత్తగా పోతపోయించిన రబ్బరు బీడింగులు. ఈ బండ్లలో చాలా వాటి తయారీ ఆగి అరవై ఏళ్ళు దాటింది. ఇక విడిభాగాలు ఎవరిస్తారు? క్లబ్బుల వాళ్ళే తమలో తాము డబ్బు వేసుకుని, పాత ముక్క నమూనాగా ఇచ్చి, మళ్ళీ చేయించుకుంటారు. క్లచ్ ప్లేటు ఎలా మార్చాలో ఎనభై ఏళ్ళ మనిషి ఇరవై ఏళ్ళ కుర్రాడికి నేల మీద మోకాళ్ళేసి చూపిస్తాడు. పుస్తకంలో లేని విద్య అది.

ఇంత మంది ఇష్టపడిన ఈ బండ్లు ఎందుకు పోయాయి? 1956లో ఈజిప్టు సూయజ్ కాలువను జాతీయం చేసింది. దాని మీద నడిచిన గొడవలో చమురు రాక తగ్గి, ఆ డిసెంబరు నుంచి 1957 మే దాకా బ్రిటనులో పెట్రోలుకు రేషను పెట్టారు. లీటరుకు ఎక్కువ దూరం పోయే బుల్లి కార్లకు అది పండగ కాలం. అయితే ఆ గిరాకీయే వాటికి ఎసరు పెట్టింది. ఈ బండ్లను రోడ్ల మీది నుంచి తుడిచిపెట్టే నిజమైన చిన్న కారు చేయాలని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధినేత లెనార్డ్ లార్డ్ కంకణం కట్టుకున్నాడు. ఇంజనీరు అలెక్ ఇసిగోనిస్ దాన్ని చేసి చూపాడు. 1959 ఆగస్టులో మినీ వచ్చింది. నలుగురు కూర్చోవచ్చు, నాలుగు చక్రాలు, రివర్స్ గేరుంది. జర్మనీలోనూ జనం జేబులు నిండాయి, ఫోక్స్‌వాగన్ అందుబాటులోకొచ్చింది. పదేళ్ళలో బుల్లి కార్ల కాలం తీరింది.

ఇప్పుడు వాటి ధరలు ఇంకో లోకంలో ఉన్నాయి. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో బ్రూస్ వైనర్ అనే సేకర్త మ్యూజియం ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆయన ఆ బండ్లను వేలం వేశారు. మొదట్లో చెప్పానే, 199 పౌండ్ల పీల్ పి50, అది ఆ వేలంలో లక్షా ఇరవై వేల డాలర్లు దాటింది. ఈ ధర చూసి నాకు సంతోషం కలగలేదు. పేదవాడి బండి కోటీశ్వరుడి హాలులోకి వెళ్ళిపోతే దాన్ని నడిపేదెవరు, పిల్లవాణ్ణి ఎక్కించి ఒక చుట్టు తిప్పేదెవరు? టికెట్టు లేకుండానో, నామమాత్రపు రుసుముతోనో పొలంలో నడిచే ఓపెన్ డేలు అందుకే మరింత అవసరమయ్యాయి.

మన దేశం ఈ కథకు బయట లేదు. బెంగళూరులో 1970లలో బాదల్ అనే మూడు చక్రాల ఫైబర్‌గ్లాస్ కారు చేశారు. ఇంజిను 198 సీసీ. మహారాష్ట్రలో ఇచల్‌కరంజి ఊరివాడు శంకర్‌రావు కులకర్ణి దశాబ్దాల పాటు మీరా అనే చిన్న కారును మళ్ళీ మళ్ళీ మార్చి చేసుకుంటూ పోయాడు. ఒక్కటీ మార్కెట్టుకు చేరలేదు. వానలో స్కూటరు మీద తడుస్తూ పోతున్న నలుగురి కుటుంబాన్ని చూసి రతన్ టాటా నానో తలపెట్టారని మనందరికీ తెలుసు. ఇటలీలో రివోల్టాకు కనిపించిన అవసరమూ అదే. బెంగళూరులో పుట్టిన రేవా కరెంటు కారు లండన్ వీధుల్లో జీ-విజ్ పేరుతో తిరిగింది. ఇవాళ స్విట్జర్లండ్ కంపెనీ ఒకటి ముఖమే తలుపుగా ఉన్న కరెంటు కారును మైక్రోలినో పేరుతో ఇటలీలో చేయిస్తోంది. ఇసెట్టా ఆకారమే. ఊళ్ళల్లో ఒక్క మనిషి పోవడానికి టన్నున్నర ఇనుము ఎందుకనే ప్రశ్న మళ్ళీ లేచింది. దానికి జవాబులు వెతికేవాళ్ళు ఆ పాత బండ్ల కింద దూరి చూడవలసిందే.

మరి మన బాదల్‌లు ఎన్ని మిగిలాయి? మన ఆల్విన్ పుష్పక్‌లు ఎన్ని నడుస్తున్నాయి? ఇలాంటి బండి మీ ఇంటి వెనక రేకుల షెడ్డులోనో, మీకు తెలిసిన మెకానిక్ దగ్గరో ఉండే ఉంటుంది. తుక్కు కొనేవాడు రాకముందే నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ఆర్‌సీ పుస్తకం, కొన్నప్పటి రసీదు పారేయకండి. ఆ బండి పని తెలిసిన మేస్త్రీ ఊళ్ళో ఉంటే, ఆయన దాన్ని ఎలా స్టార్టు చేసేవాడో, ఏ భాగం తరచూ పోయేదో, దానికి ఏం మార్చి బిగించేవాడో ఫోనులో రికార్డు చేయండి. తర్వాత మీ జిల్లాలో అలాంటి బండ్లున్న మరో నలుగురిని వెతికి, ఒక ఆదివారం ఏ కాలేజీ మైదానంలోనో నిలబెట్టండి. బెల్టో, కేబులో దొరక్క ఆగిపోయిన బండికి ఆ నలుగురిలో ఒకరి దగ్గర ఆ ముక్క ఉండవచ్చు.